ఎవరి నవ్వు మందు? ఎవరి నవ్వు జబ్బు?

నవ్వు ఆరోగ్యానికి మంచిదని చెప్పే వ్యాసం వెయ్యకుండా ఏ ఆదివారం అనుబంధానికీ ఏడాది గడవదు. రక్తపోటు తగ్గుతుంది, నిద్ర పడుతుంది, నొప్పి తెలియదు, మనసు తేలికవుతుంది. ఆ జాబితా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పక్కన ఫొటోలో, పార్కులో చేతులు పైకెత్తి నోరారా నవ్వుతున్న మనుషులు. ఎక్కువమంది రిటైరయిన మగవాళ్ళు. ఈ వ్యాసాల్లో నవ్వేది ఎప్పుడూ 'మనిషి'. ఆ మనిషి ఆడా మగా, అత్తా కోడలా, కూలికి పోయేదా కూలి ఇచ్చేదా, ఎవరి ముందు నవ్వుతోంది, ఎవర్ని చూసి నవ్వుతోంది అన్న ప్రశ్నలు వాటికి ఉండవు. మాత్ర మింగడానికి ఇవన్నీ ఎందుకనుకుంటారు కాబోలు.

అలాంటి వ్యాసం కనబడినప్పుడల్లా నాకు 2018 ఫిబ్రవరి 7 గుర్తొస్తుంది. ఆ రోజు రాజ్యసభలో ప్రధాని నరేంద్ర మోదీ మాట్లాడుతున్నారు. ఆధార్ ఆలోచన వాజపేయి ప్రభుత్వ కాలానిదేనని ఆయన అంటుండగా కాంగ్రెస్ సభ్యురాలు రేణుకా చౌదరి గట్టిగా నవ్వారు. సభాధ్యక్ష స్థానంలో ఉన్న వెంకయ్యనాయుడు ఆమెని మందలిస్తూ, ఏదైనా సమస్య ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నారు. ప్రధాని కలగజేసుకుని ఆమెనేమీ అనవద్దన్నారు. రామాయణం సీరియల్ తర్వాత అలాంటి నవ్వు వినే భాగ్యం మళ్ళీ ఇవాళే కలిగిందన్నారు. సభలో నవ్వులు. ఆయన ఏ పాత్ర పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. తర్వాత ఒక కేంద్రమంత్రి సోషల్ మీడియాలో పెట్టిన వీడియోలో ఆ సీరియల్లోని శూర్పణఖ ఉంది. అది స్త్రీల స్థాయిని కించపరిచే మాట అని రేణుకా చౌదరి అన్నారు.

పార్టీల సంగతి ఇక్కడ పక్కన పెడదాం. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే నవ్వడం మర్యాదేనా అన్న చర్చ కూడా వేరే. నేను చూస్తున్నది ఇది: ఆ రోజు సభలో రెండు నవ్వులు వినిపించాయి. ఒకటి ఒక స్త్రీది, ఇంకొకటి ఆమెని చూసి అందరూ కలిసి నవ్వినది. మొదటి నవ్వుకి డాక్టర్ కావాల్సొచ్చాడు. రెండోదానికి ఎవరూ అవసరం లేకపోయింది. ఖమ్మం నుంచి లోక్‌సభకి ఎన్నికై, స్త్రీ శిశు సంక్షేమ శాఖని మంత్రిగా చూసిన మనిషి నవ్వుకే ఆ గతి పడితే, మామగారి ముందు నవ్విన కోడలి మాటేమిటి? నవ్వు మందు అంటున్నాం కదా, మరి ఆడది నవ్వితే అది జబ్బెలా అవుతుంది?

మన భాషనే అడుగుదాం. నవ్వు నాలుగు విధాల చేటు అనే సామెత పైకి అందరికీ చెప్పినట్టే ఉంటుంది. కానీ దాన్ని ఎవరికి చెప్తూ పెంచారో మనకి తెలుసు. అంతటితో ఆగకుండా, నవ్వే ఆడదాన్ని ఏడ్చే మగవాణ్ని నమ్మకూడదన్నారు. అంటే ఆడదానికి ఏడుపు, మగవాడికి నవ్వు కేటాయించి, పంపకం తారుమారైతే అనుమానించమని చెప్పారన్నమాట. నగుబాటు, నవ్వులపాలు అనే మాటలు చూడండి. రెండింటిలోనూ నవ్వు ఉంది, రెండింటికీ అర్థం పరువు పోవడం. 'నలుగురూ నవ్విపోతారు' అనే ఒక్క వాక్యంతో ఎంతమంది ఆడపిల్లల చదువులు ఆగిపోయాయో, ఎంతమంది భార్యలు దెబ్బలు తిని కూడా గడప దాటలేదో లెక్క లేదు. మన ఆడవాళ్ళకి నవ్వు ముందు పరిచయమయ్యేది మందుగా కాదు, బెదిరింపుగా.

నవ్వి యుద్ధం తెచ్చిందన్న నింద ద్రౌపదికి ఉంది. సంస్కృత భారతం సభాపర్వంలో దుర్యోధనుడు మయసభ నీళ్ళలో పడ్డప్పుడు నవ్వినట్టు కవి చెప్పింది భీముణ్ని, తమ్ముళ్ళని, సేవకుల్ని. ద్రౌపది కూడా ఆడవాళ్ళతో కలిసి నవ్విందని చెప్పింది, ఇంటికెళ్ళి తండ్రి ముందు గోడు వెళ్ళబోసుకున్న దుర్యోధనుడు. కవి చెప్పిన నవ్వులు మరుగున పడిపోయి, అవమానపడ్డవాడు చెప్పిన ఆడదాని నవ్వు నిలిచిపోయింది. 1977లో 'దానవీరశూరకర్ణ' వచ్చేసరికి మయసభ అంటే ఆమె నవ్వే, దానిమీద దుర్యోధనుడి ఏకపాత్ర సంభాషణే. మగవాళ్ళు నవ్వితే వేళాకోళం, ఆడది నవ్వితే కురుక్షేత్రం.

అయితే రామాయణంలో నవ్వు అనగానే అందరికీ శూర్పణఖే గుర్తు రావాలని ఏమీ లేదు. తెలుగు ఆడవాళ్ళు తరతరాలుగా తమలో తాము పాడుకున్న రామాయణంలో ఇంకో నవ్వుంది. ఆ పాట పేరు 'లక్ష్మణదేవర నవ్వు'. కృష్ణశ్రీ సేకరించిన 'స్త్రీల రామాయణపు పాటలు' 1955లో అచ్చయింది. 1991లో వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషులో రాసిన వ్యాసం ఈ పాటల్ని ప్రపంచం ముందు పెట్టింది. కథ చిన్నదే. వనవాసం ముగిసి రాముడు కొలువు తీరాడు. పధ్నాలుగేళ్ళు నిద్ర లేకుండా అన్నావదినల్ని కాచిన లక్ష్మణుడి దగ్గరికి, ఇచ్చిన మాట ప్రకారం నిద్రాదేవి సరిగ్గా ఆ కొలువులోనే వచ్చి నిలబడింది. ఆమెని చూసి అతనికి నవ్వొచ్చింది. ఆమె మిగతావాళ్ళకి కనబడదు. నవ్వు మాత్రం అందరికీ వినబడింది.

ఇక చూడండి. శివుడు, గంగని నెత్తిన పెట్టుకున్నందుకు తనని చూసే నవ్వాడనుకున్నాడు. సుగ్రీవుడు అన్నని చంపించి రాజ్యం తీసుకున్నందుకనుకున్నాడు. విభీషణుడు అన్న రహస్యాలు శత్రువుకి చెప్పినందుకనుకున్నాడు. రాముడు, పరాయి ఇంట్లో ఉండొచ్చిన భార్యని ఏలుకుంటున్నందుకనుకున్నాడు. సీత తల దించుకుంది. కొలువులో ఎవరి గుట్టు వాళ్ళని గుచ్చింది. చివరికి రాముడు తమ్ముడి మీద కత్తి దూశాడు.

నవ్వు గురించి ఇంత లోతుగా చెప్పిన కథ నాకింకోటి తెలియదు. లక్ష్మణుడు ఎవర్నీ ఏమీ అనలేదు. నవ్వాడంతే. ఆ నవ్వులో ఎవరి అర్థం వాళ్ళే నింపుకున్నారు. అధికారం నవ్వుకి ఎందుకు జడుస్తుందో ఇంటి నాలుగు గోడల మధ్య ఉన్న ఆడవాళ్ళు కనిపెట్టారు. మాటకి జవాబు చెప్పొచ్చు, నవ్వుకి చెప్పలేం. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ నవ్వుని వాళ్ళు ఏ ఆడపాత్ర నోటా పెట్టలేదు. ప్రాణంతో సమానమైన తమ్ముడు నవ్వితేనే కత్తి లేచింది. అదే నవ్వు సీత నవ్వి ఉంటే ఆ పాట ఎలా ముగిసేదో పాడినవాళ్ళకి తెలుసు. అందుకే మహావీరుల గుట్టంతా విప్పి చూపించే నవ్వుని ఒక మగవాడి నోట పెట్టి, తాము వెనక నిలబడి పాడుకున్నారు. అదే కొలువులో ఏ తప్పూ చెయ్యని సీత కూడా తల దించుకోవడం చూస్తే, లోకం నవ్వు ఆడదాన్ని ఎలా పట్టుకుంటుందో కూడా వాళ్ళకి బాగా తెలుసని అర్థమవుతుంది.

ఇప్పుడు మందు సంగతికి వద్దాం. నవ్వుతో వైద్యం అనగానే అందరూ తలుచుకునే పేరు నార్మన్ కజిన్స్. అమెరికాలో 'సాటర్‌డే రివ్యూ' పత్రిక సంపాదకుడు. 1964లో వెన్నెముకని బిగించేసే జబ్బు చేసి, కదలలేని స్థితిలో ఆసుపత్రిలో చేరాడు. హాస్యచిత్రాలు తెప్పించుకుని చూశాడు. పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్ర పట్టేదని రాసుకున్నాడు. ఆ అనుభవం 1976లో ఒక పేరున్న వైద్య పత్రికలో, 1979లో పుస్తకంగా వచ్చింది. నవ్వు మీద పరిశోధనలకి అది ఊతమిచ్చింది. నిజానికి ఆయన నవ్వుతో పాటు సి విటమిన్ కూడా పెద్ద మోతాదులో తీసుకున్నాడు. ఒక మనిషి అనుభవం సాక్ష్యం కాదని డాక్టర్లు అంటే అనొచ్చు. నాకు ఆసక్తి కలిగించింది అది కాదు. కజిన్స్ నవ్వులు పక్క రోగులకి ఇబ్బందయ్యాయి. అందుకని ఆయన ఆసుపత్రి వదిలి హోటల్ గదిలోకి మారాడు. ఆ గదికి తలుపుంది. తలుపు వెనక ఎంత గట్టిగా నవ్వినా అడిగేవాళ్ళు లేరు. ఆయన నవ్వడానికి ప్రొజెక్టర్ నడిపిందీ, హాస్య పుస్తకాలు చదివి వినిపించిందీ నర్సు. ఆమె కూడా నవ్విందా, నవ్వితే ఆమెకి కూడా ఆ రాత్రి నిద్ర పట్టిందా అని నేను అడగాలనుకుంటాను. మందు పనిచెయ్యడానికి ఒక గది, తీరిక, సేవ చేసే మనిషి కావాల్సొచ్చాయి. ఆదివారం వ్యాసాల్లో పది నిమిషాల నవ్వు మిగిలింది, గదీ నర్సూ మాయమయ్యారు.

ఆ స్ఫూర్తితోనే మన దేశంలో డాక్టర్ మదన్ కటారియా 1995 మార్చిలో ముంబైలో ఒక పార్కులో అయిదుగురితో లాఫింగ్ క్లబ్ మొదలుపెట్టారు. మొదట్లో ఒకరి తర్వాత ఒకరు మధ్యలోకి వచ్చి జోకులు చెప్పేవారు. రెండు వారాలు తిరిగేసరికి మంచి జోకులు అయిపోయి బూతు జోకులు, మనసు నొప్పించే జోకులు మొదలయ్యాయి. కొందరు వెళ్ళిపోతామన్నారు. అప్పుడాయన జోకులే తీసేసి, ఏ కారణమూ లేకుండా నవ్వే పద్ధతి పెట్టారు. యోగా నేర్పే ఆయన భార్య మాధురి సాయంతో దానికి శ్వాస వ్యాయామాలు కలిసి, అది హాస్య యోగా అయింది. ఏటా మే మొదటి ఆదివారం ప్రపంచ నవ్వుల దినం జరుపుకునే దాకా వెళ్ళింది.

ఈ చరిత్రలో ఒక నిజం దాక్కుని ఉంది. నలుగురు చేరి నవ్వుకుందామంటే మన సమాజం దగ్గర ఉన్న హాస్యం సరుకు రెండు వారాలకే అయిపోయింది. ఆ తర్వాత మిగిలేది ఏమిటో మనకి తెలుసు. భార్య మీద జోకు, అత్తగారి మీద జోకు, లావుపాటి ఆడదాని మీద జోకు, నత్తివాడి మీద జోకు, తక్కువ కులాల యాస మీద జోకు. కటారియా దాన్ని గుర్తించి జోకుని వదిలెయ్యడం మెచ్చుకోవాల్సిన సంగతే. కానీ జోకులో ఉన్న సమస్యని పరిష్కరించలేదు, పక్కన పెట్టారు. మనుషుల్ని కించపరచకుండా నవ్వడం మనకి తెలియదని ఒప్పుకుని, కించపరచని నవ్వు కావాలంటే అర్థమే లేని నవ్వు నవ్వాలన్నారు.

మా కాలనీ పార్కులో కూడా అలాంటి బృందం ఒకటుంది. పొద్దున్న ఆరున్నరకి వలయంగా నిలబడతారు. నేను నడుస్తూ లెక్కపెడతాను. పదిహేను, పదహారు మంది ఉంటే అందులో ఆడవాళ్ళు ఇద్దరు, ఒక్కోరోజు ఒక్కరు. మిగిలిన ఆడవాళ్ళం చుట్టూ ఉన్న బాట మీద గడియారం చూసుకుంటూ నడుస్తుంటాం. నవ్వడం ఇష్టం లేక కాదు. ఏడింటికి క్యారేజీలు కట్టాలి. 2019లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి దానిమీద పెడుతున్నది 299 నిమిషాలు, మగవాళ్ళు 97. 2024 సర్వేలో ఆడవాళ్ళకి అది 289 అయింది. అయిదేళ్ళలో పది నిమిషాలు మిగిలాయి. కజిన్స్ చెప్పిన పది నిమిషాల నవ్వుకి సరిపోతాయేమో మరి.

2005లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో గుండె డాక్టర్ మైకేల్ మిల్లర్ బృందం 20 మందికి నవ్వొచ్చే సినిమా ముక్కలు చూపించి, రక్తనాళాల్లో ప్రవాహం సగటున 22 శాతం పెరిగిందని చెప్పింది. చిన్న పరిశోధనే అయినా నవ్వు వ్యాసాల్లో అది తప్పకుండా కనిపిస్తుంది. మంచిదే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉంది. రక్తం వేగంగా పారించడం గురించి మాట్లాడే ముందు రక్తం ఉందో లేదో చూసుకోవాలి. తిండీ, నిద్రా, విశ్రాంతీ ఇవ్వాల్సిన చోట నవ్వమని చెప్పడం చవకైన వైద్యం. చెప్పేవాళ్ళకి ఖర్చు లేదు, నవ్వలేకపోతే తప్పు మనదే అవుతుంది.

నేను నవ్వుకి వ్యతిరేకిని కాను. సైన్సుకీ వ్యతిరేకిని కాను. నవ్వు మీద సైన్సు చెప్పినదాన్ని సగమే చెప్తున్నారన్నది నా ఫిర్యాదు. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తన విద్యార్థులతో కలిసి బజార్లలో, బయటి చోట్లలో 1,200 నవ్వుల్ని గమనించి 1993లో ఫలితాలు ప్రకటించాడు. జోకులాంటి మాట తర్వాత వచ్చిన నవ్వులు 10 నుంచి 20 శాతమే. మిగతావన్నీ మామూలు మాటల మధ్య పుట్టినవి. నవ్వు హాస్యానికి సంబంధించినదాని కన్నా మనుషుల మధ్య సంబంధానికి సంబంధించినదని ఆయన చెప్పాడు. ఆ లెక్కల్లోనే ఇంకోటి ఉంది. ఒక ఆడమనిషి మగవాడితో మాట్లాడుతున్నప్పుడు, వింటున్న అతనికన్నా మాట్లాడుతున్న ఆమె రెట్టింపుకి పైగా నవ్వుతుంది. మగవాడు ఆడమనిషితో మాట్లాడుతుంటే వినే ఆమే కాస్త ఎక్కువ నవ్వుతుంది. అంటే చెప్పినా ఆమే నవ్వాలి, విన్నా ఆమే నవ్వాలి. ఇది ఆనందమా, పనా? దుకాణంలో, రిసెప్షన్‌లో, విమానంలో రోజంతా చిరునవ్వుతో నిలబడే అమ్మాయిలని అడిగితే చెప్తారు. విమానాల్లో పనిచేసే ఆడవాళ్ళ చిరునవ్వుని శ్రమగా లెక్కగట్టి ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో పుస్తకమే రాసింది. ఈ నవ్వుకి రక్తపోటు తగ్గుతుందని నేననుకోను.

ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం 2011లో చెప్పింది కూడా ఇలాంటిదే. నలుగురితో కలిసి మనసారా నవ్విన తర్వాత మనుషులు నొప్పిని ఎక్కువ తట్టుకున్నారు. మర్యాదకి నవ్వే నవ్వు కాదు, పొట్ట కదిలే నవ్వు. అంటే మందు నవ్వు శబ్దంలో లేదు. భయం లేకుండా, లెక్క చూసుకోకుండా నవ్వగలిగిన మనుషుల తోడులో ఉంది.

తోడు లేని చోట, భయం ఉన్న చోట నవ్వు నిజంగానే జబ్బు అవుతుంది. 1962 జనవరిలో, అప్పుడే స్వతంత్రమైన టాంగన్యీకాలో కషాషా అనే ఊళ్ళో మిషనరీలు నడిపే ఆడపిల్లల హాస్టల్ బడిలో ముగ్గురు పిల్లలు నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. చివరికి 159 మందిలో 95 మందికి ఆ నవ్వు పాకి, మార్చిలో బడి మూసేశారు. పిల్లలు నవ్వుతూ ఏడ్చారు. డాక్టర్లకి ఒంట్లో కారణం దొరకలేదు. సామూహిక హిస్టీరియా అన్నారు. ఆ మాటకి మూలం గర్భసంచి అనే గ్రీకు మాట. ఆడపిల్ల నవ్వుకి కారణం ఆమె బతుకుతున్న చోట కాకుండా ఆమె ఒంట్లో వెతకడం పాత అలవాటే. డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్న సలహా ఎంత దూరం నుంచి వచ్చిందో చూడండి.

మరి మన తెలుగు హాస్యం ఆడవాళ్ళకి ఎలాంటి తోడిచ్చింది? నవ్వుని ఆరోగ్యంగా ప్రచారం చేసినవాళ్ళలో దర్శకుడు జంధ్యాల ముందుంటారు. బూతు లేకుండా నవ్వించాడని ఆయనకి పేరు. నిజమే. నేనూ ఆ సినిమాలు చూసి నవ్వినదాన్నే. అయితే ఆ సినిమాల్లో శ్రీలక్ష్మి వేసిన పాత్రలు ఒక్కసారి గుర్తు చేసుకోండి. 'శ్రీవారికి ప్రేమలేఖ'లో ఆమె చూసిన సినిమా కథలు వదలకుండా చెప్పే ఇల్లాలు. 'చంటబ్బాయ్'లో కవితలూ కథలూ రాసి పత్రికా సంపాదకుడి ప్రాణం తీసే రచయిత్రి. పైగా కొత్త వంటలు కూడా కనిపెట్టి తినిపిస్తుంది. ఒకచోట మాట్లాడే ఆడది, ఒకచోట రాసే ఆడది. మన నవ్వంతా ఆమె నోరు తెరవడం మీద, కలం పట్టడం మీద. 1986లో, తెలుగులో స్త్రీవాద కవిత్వం గొంతు విప్పుతున్న రోజుల్లో, రచయిత్రి అంటే నవ్వొచ్చే బొమ్మగా మారిపోయింది. అయినా ఆ పాత్రలకి ప్రాణం పోసింది శ్రీలక్ష్మి. ఆ విరుపూ, ఆ నిర్భయంగా వెర్రిదానిలా కనబడగలగడమూ ఆమె సొంతం. ఆమెని చూసి నవ్వామని అనుకుంటాం గానీ, ఆమె నవ్వించిందని అనం. 'శ్రీవారికి ప్రేమలేఖ'కి మూలం పొత్తూరి విజయలక్ష్మి రాసిన 'ప్రేమలేఖ' నవల అన్న సంగతి కూడా ఎంతమందికి గుర్తుంది? నవ్వుకి తల్లి ఆడదైనా ఇంటిపేరు మగవాడిదే.

కొంచెం వెనక్కి వెళ్తే మధురవాణి ఉంది. 'కన్యాశుల్కం'లో అందరికన్నా తెలివిగా నవ్వేదీ, నవ్వించేదీ ఆమె. ఆమె మంచం కింద దూరిన పెద్దమనుషుల్ని చూసి మనం ఆమెతో కలిసి నవ్వుతాం. కానీ అదే నాటకంలో బుచ్చమ్మని మనం ఎవరం నవ్వు ముఖంతో గుర్తు పెట్టుకోం. సంసారం అనే ఇంటికి బయట ఉన్న ఆడది నవ్వొచ్చు, లోపలున్న విధవ నవ్వకూడదు. పైగా మధురవాణి నవ్వులో కొంత ఆమె వృత్తి. ఎదుటివాడి డబ్బుకి నవ్వడం, అతని మూర్ఖత్వానికి నవ్వడం రెండూ ఒకే పెదాల మీద నడిపించిన ఆ మనిషి నేర్పు చూస్తే ముచ్చటా వేస్తుంది, అలసటా వేస్తుంది.

ఇంటి లోపలి ఆడవాళ్ళకి నవ్వు తెచ్చిపెట్టిన పుస్తకం భానుమతీ రామకృష్ణ 'అత్తగారి కథలు'. అత్తాకోడళ్ళంటే కొట్టుకు చావాల్సిందే అని నమ్మిన సాహిత్యంలో, కోడలు చెప్తుంటే అత్తగారి మడీ ఆచారమూ మొండితనమూ అమాయకత్వమూ మన కళ్ళ ముందు ఆడతాయి. కోడలు నవ్వుతుంది, కానీ అత్తగారు నవ్వులపాలు కాదు. ఎందుకంటే ఆ నవ్వులో ఆమె మీద ప్రేమ ఉంది, ఆవిడ రాజ్యానికి భయపడే అవసరం లేని కోడలి ధీమా ఉంది. ఆ ధీమాకి డబ్బూ, పేరూ, ఇంటినిండా పనివాళ్ళూ దన్నుగా ఉన్నారన్నది మర్చిపోకూడదు. ఆ ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళు అమ్మగారి మీద చెప్పుకుని నవ్విన కథలు అచ్చు కాలేదు.

అచ్చు కాని నవ్వు చాలానే ఉంది. నాట్లప్పుడు, కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళు వరసగా వంగి నవ్వే నవ్వు అరమైలు దాకా వినబడుతుంది. మొగుళ్ళ మీద, మేస్త్రీ మీద, ఆసామి నడక మీద. దాన్ని పెద్దకులాలు మోటు సరసం అన్నాయి. గడప లోపలి ఆడవాళ్ళు లక్ష్మణుణ్ని అడ్డం పెట్టుకోవాల్సొస్తే, పొలంలో ఆడవాళ్ళకి ఆ చాటు అక్కర్లేకపోయింది. కానీ వాళ్ళ నవ్వుని చూసి, అందుకు సిద్ధమే అని చెయ్యి వేసిన ఆసాములూ ఉన్నారు. ఒకరికి నవ్వు నిషేధం, ఇంకొకరి నవ్వు అనుమతి పత్రం. కులం ఆడవాళ్ళ నవ్వుని కూడా రెండుగా విడదీసింది. రెండు చోట్లా మగవాడే నవ్వుకి అర్థం రాశాడు.

స్త్రీల మీటింగుల్లో నేను విన్న నవ్వు గురించి కూడా చెప్పాలి. గృహహింస మీద జరిగిన ఒక సమావేశంలో పొద్దున్నంతా ఒకరి తర్వాత ఒకరు ఏడుస్తూ చెప్పుకున్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకామె, నలభై ఏళ్ళుంటాయేమో, వాళ్ళాయన తన బనీను తను వెతుక్కోలేక ఇల్లంతా తిరిగి కేకలు వెయ్యడం, చివరికి అది ఒంటిమీదే ఉండటం నటించి చూపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నవాళ్ళు కూడా కొంగు వదిలేసి నవ్వారు. విస్తళ్ళ ముందు కూర్చోలేక లేచి గోడ పట్టుకున్నవాళ్ళున్నారు. నవ్వులు సద్దుమణిగాక ఆమె చాలా మామూలుగా, 'ఇదే మా ఇంట్లో నవ్వితే పళ్ళు రాలతాయి' అంది. ఎవరమూ మాట్లాడలేదు. ఆ సాయంత్రం కేసు పెట్టడానికి ఒప్పుకున్నవాళ్ళలో ఆమె ఉంది. నవ్వు ఆమెకి ధైర్యం ఇచ్చిందని నేను తేల్చి చెప్పను. ఆ నవ్వులో మాత్రం అతని ఆకారం కాసేపు చిన్నదైంది. ఎదుటివాడు చిన్నగా కనబడినప్పుడు మన ఎత్తు మనకి తెలుస్తుంది.

అందుకే నవ్వు ఆరోగ్యమన్న మాటతో నాకు పేచీ లేదు. అది చీటీ మీద రాసి చేతిలో పెట్టే మందు కాదంటాను. ఆకలి తీరిన, నిద్ర పోయిన, భయం లేని మనిషికి తోటి మనుషుల మధ్య వచ్చేది అది. అవి లేని చోట నవ్వమని చెప్పడం, ఆరోగ్యం పేరుతో ఇంకో చాకిరీ అంటగట్టడమే. మంచి భార్య, మంచి తల్లి, మంచి ఉద్యోగిని, ఇప్పుడు వీటికి తోడు మంచిగా నవ్వే ఆడది.

ఓల్గా 'సమాగమం' కథలో, లోకమంతా వికృతం చేసి నవ్విన శూర్పణఖ అడవిలో తోట పెంచుకుంటూ సీతకి కనబడుతుంది. ఆమె కోలుకోవడానికి నవ్వుల క్లబ్ అవసరం కాలేదు. తనది అనుకున్న చోటు, తన చేతి పని, తన్ను చూసి నవ్వని ఒక స్నేహం సరిపోయాయి. సీతకీ కావాల్సింది అదేనని ఆ కథ చదివితే తెలుస్తుంది.

డాక్టర్లు నవ్వమని రాసే చీటీలో ఇంకో రెండు వాక్యాలు చేర్చాలని నేను అడుగుతాను. ఈమె నవ్వడానికి ఇంట్లో చోటుందా? నవ్వినందుకు ఈమెని ఎవరైనా ఏమైనా అంటారా? ఈ ప్రశ్నలకి జవాబు రాయకుండా మందు ఇవ్వకూడదు. జవాబు సరిగా లేకపోతే, వైద్యం చెయ్యాల్సింది ఆమెకి కాదు.